పెళ్ళిపనిలో సాయపడ్డ మనవాళ్ళకి రుణం తీర్చుకోవడం ఎట్టా

పెళ్ళి అయిపోయిన వారంలో మనందరం చేసే మొదటి పని చదివింపుల పుస్తకం ముందేసుకుని కూర్చోవడం. ఎవరు వెయ్యిన్నూటపదహార్లు రాయించారు, ఎవరు ఐదొందల పదహార్లు, వాళ్ళింట్లో పెళ్ళికి మనం ఎంత రాయించాం, పాత పుస్తకం తీసి మరీ సరిచూసుకుంటాం. డబ్బులు చదివించినవాళ్ళ పేర్లు ఇరవై ఏళ్ళ తర్వాత అడిగినా దొరుకుతాయి. అదే పెళ్ళిలో కంటిమీద కునుకు లేకుండా పనిచేసిన పిన్నమ్మ పేరు మాత్రం ఏ పుస్తకంలోనూ ఉండదు. నాకు ఇది చాలా అన్యాయం అనిపిస్తుంది, అందుకే ఇది రాస్తున్నాను. కావలి, కందుకూరు, ఒంగోలు, నెల్లూరు పక్క మన ఇళ్ళల్లో జరిగే పెళ్ళిళ్ళూ గృహప్రవేశాలూ నా మనసులో ఉన్నాయి, మీ ఊళ్ళో పద్ధతి కొంచెం వేరైతే దానికి తగ్గట్టు మార్చుకోండి.

ముందుగా, అదే పుస్తకం చివర నాలుగు పేజీలు పని చేసినవాళ్ళ కోసం పెట్టండి. పేరు రాసి పక్కన "సాయం చేసింది" అని రాస్తే ఉపయోగం లేదు. ఏ పని చేశారు, ఏ టైములో చేశారు, వాళ్ళు చెయ్యకపోతే ఏమయ్యేది, ఈ మూడూ రాయాలి. రాయడానికి కూర్చున్నాక మీకే తెలుస్తుంది, పెళ్ళింటి యజమానికి సగం పనులు కనపడనే కనపడవని. ముహూర్తం టైముకి మనం పీటల దగ్గర ఉంటాం, పంతులుగారు అడిగినవి అందిస్తుంటాం, అప్పుడు వంటశాలలో ఏం జరిగిందో, విడిదింట్లో మగపెళ్ళివారికి కాఫీలు ఎవరు మోసుకెళ్ళారో మనకెట్టా తెలుస్తుంది? కాబట్టి అడగండి. వంటమాస్టరుకి మిగిలిన డబ్బులు ఇవ్వడానికి పోయినప్పుడు "మావాళ్ళలో నీకు అక్కరకొచ్చింది ఎవరయ్యా" అంటే ఠక్కున చెప్తాడు. షామియానా వాళ్ళని అడగండి. పిల్లకాయల్ని తప్పకుండా అడగండి, వాళ్ళు పెళ్ళంతా మండపంలో అటూ ఇటూ తిరుగుతూనే ఉంటారు, పెద్దవాళ్ళు చూడనివి చూస్తారు. "జేజిని బాత్రూముకి ఎవరు తీసుకుపోయారు?" అని ఒక్క ప్రశ్న వేసి చూడండి. ఆ పని చేసిన మనిషి పేరు చాలాసార్లు మీరు అనుకున్న పేరై ఉండదు.

ఈ పనంతా మొదటి వారంలోనే అయిపోవాలి. పదహారు రోజుల పండుగ నాటికి కలవాల్సిన వాళ్ళందర్నీ కలిసేలా చూసుకోండి, ఆ తర్వాత ఎవరి గొడవ వాళ్ళది, మనకీ మాట చల్లబడిపోతుంది.

ఇప్పుడు అసలు సంగతి. ఒక్కొక్కరి పనితనం ఒక్కో రకం, అది చూడటం మనకి అలవాటు కావాలి. బాగా మాట్లాడేవాళ్ళు, స్టేజి మీద కనపడేవాళ్ళు, డబ్బులు సర్దినవాళ్ళు ఎట్టాగూ గుర్తుంటారు. మిగతావాళ్ళ కోసమే కష్టపడాలి.

చేపల పులుసు సంగతే తీసుకోండి. పెళ్ళి భోజనం వంటమాస్టరు చేస్తాడు, కానీ పెళ్ళయిన మర్నాడు ఇంట్లో మిగిలిన దగ్గరి చుట్టాలకి పులుసు పెట్టాలంటే చాలా ఇళ్ళల్లో దానికి ఒక మనిషే ఉంటుంది, పెద్దమ్మో మేనత్తో. ఆమె చేపల మార్కెట్టుకి తనే వస్తానంటుంది. చేప చెవులు, అంటే మొప్పలు, ఎత్తి ఎర్రగా ఉన్నాయో లేదో చూస్తుంది, కళ్ళు చూస్తుంది, వేలితో నొక్కి కండ మళ్ళీ పైకి లేస్తుందా అని చూస్తుంది, అమ్మేవాడు ఎంత తొందరపెట్టినా నిదానంగా ఒక్కొక్కటీ తీసి పక్కన పెట్టిస్తుంది. పులుసు ముందురోజు సాయంత్రమే కాస్తుంది, ఎందుకంటే రాత్రంతా ఉంటేగాని ముక్కకి పులుపూ కారమూ పట్టవని ఆమెకి తెలుసు. మామిడికాయ ముక్కలు ఎప్పుడు వెయ్యాలో, ఆ కాయ పులుపుని బట్టి చింతపండు ఎంత తగ్గించాలో కొలత లేకుండా చెప్పేస్తుంది. చేప ముక్కలు వేశాక గరిటె పెట్టనివ్వదు, రెండు చేతులా గుడ్డతో గిన్నె అంచులు పట్టుకుని మెల్లగా ఒక్కసారి తిప్పి దించుతుంది, ముక్క ఒక్కటి కూడా విరగదు. మనం తిని "పులుసు అదిరింది పెద్దమ్మా" అని చెయ్యి కడుక్కుంటాం. ఆ మాట చెడ్డదేమీ కాదు, కానీ అది పులుసుకి పోతుంది, ఆమె దాకా రాదు. "ముప్పై మందికి కాచావు, ఒక్క ముక్క విరగలేదు, మార్కెట్టులో నువ్వు ఏరిన చేప చూసినప్పుడే అనుకున్నా" అని చెప్పి చూడండి, ఆమె మొహం చూడండి.

ఇంకో రకం పనితనం అలిగిన చుట్టాన్ని బంతికి తీసుకురావడం. ప్రతి పెళ్ళిలోనూ ఒకాయన అలుగుతాడు, శుభలేఖలో పేరు కింద వేశారనో, బట్టలు పెట్టేటప్పుడు ముందు పిలవలేదనో. అందరూ పోయి "తప్పయింది మామా, రాండి" అని బతిమాలతారు, ఆయన ఇంకా బిగుసుకుంటాడు. మీ వాళ్ళలో ఒక బావ ఉంటాడు, ఆయన పోయి పక్కన కుర్చీ వేసుకుంటాడు, అలక సంగతి ఎత్తడు. కొండపిలో ఈసారి పొగాకు ఎంత పలికింది అని అడుగుతాడు, బోరులో నీళ్ళు ఉన్నాయా అంటాడు, పావుగంట వింటాడు. ఆ తర్వాత "ఆకలేస్తోంది, నాతో రా మామా" అంటాడు, ఇద్దరూ లేచొస్తారు. చూసేవాళ్ళకి ఈయన పెళ్ళిలో కుర్చీలో కూర్చుని కబుర్లు చెప్పినట్టే ఉంటుంది. ఆ రోజు రెండు కుటుంబాలు విడిపోకుండా ఆపింది ఆయనే, మీ పుస్తకంలో ఆయన పేరు పై వరసలో ఉండాలి.

మిగతావి మీరే వెతుక్కోండి. తెల్లవారుజాము రైలుకి స్టేషనుకి బండి తీసుకుపోయిన కుర్రాడు, పెళ్ళికూతురి చీర కుచ్చిళ్ళు జారకుండా పిన్నులు పెట్టిన పిల్ల, ఎన్ని విస్తర్లు లేచాయో లెక్కపెట్టి క్యాటరింగు వాళ్ళతో నిక్కచ్చిగా మాట్లాడిన చిన్నాన్న, బంగారం ఉన్న గది తాళంచెవి నడుముకి దోపుకుని పెళ్ళి చూడకుండా ఆ గుమ్మం దగ్గరే కూర్చున్న అత్త. ఈ అత్త సంగతి మాత్రం ఒక్క మాట. ఆమె తలంబ్రాలు కూడా చూడలేదు. ఫోటోలు, వీడియో వచ్చాక మొదట ఆమె ఇంటికి తీసుకుపోయి, పక్కన కూర్చుని చూపించండి. చీర పెట్టినదానికంటే ఇదే ఆమెకి ఎక్కువ సంతోషం.

ఇక చెప్పడం. మనలో దగ్గరివాళ్ళకి ఎదురుగా నిలబడి థాంక్స్ అంటే ఇబ్బంది పడతారు, "ఏందిరా, నేనేమన్నా బయటిదాన్నా" అంటారు. అందుకని మానేయొద్దు, జరిగింది జరిగినట్టు చెప్పండి, అంతే. "నువ్వు రాత్రి రెండింటికి స్టేషనుకి పోబట్టే అమ్మమ్మ వాళ్ళు ఆటో కోసం పడిగాపులు పడలేదు" అంటే చాలు, ఇంకేమీ కలపక్కర్లేదు. వాళ్ళు "అదేముందిలే" అంటారు. మీరు కూడా "అంతేలే" అనకుండా, ఆ పని వల్ల మీకు తగ్గిన టెన్షన్ ఏందో ఒక్క మాట చెప్పి అక్కడ ఆపండి. వాట్సాప్ గ్రూపులో అందరికీ కలిపి ఒక పూలగుత్తి బొమ్మ పెట్టి చేతులు దులుపుకోవడం నాకు నచ్చదు. గ్రూపులో పెట్టాలనుకుంటే ఒక్కొక్కరి పేరూ, చేసిన పనీ రాసి పెట్టండి, ఒక పేరు మర్చిపోయినా నొచ్చుకుంటారు కాబట్టి పంపేముందు ఇంట్లో ఇద్దరికి చదివి వినిపించండి.

ఎవరి ముందు చెప్తున్నారన్నది కూడా ముఖ్యం, దీన్ని చాలామంది పట్టించుకోరు. కోడలు చేసిన పని ఆమె పుట్టింటివాళ్ళు ఉన్నప్పుడు చెప్పండి, ఆమె అత్తగారు వినేలా చెప్పండి. ఉద్యోగం లేదని ఇంట్లో రోజూ మాటలు పడే తమ్ముడు ఉంటాడు చూడండి, మండపంలో జనరేటరు ఆగిపోతే పరిగెత్తి బాగుచేయించింది వాడే అయి ఉంటాడు, ఆ సంగతి వాళ్ళ నాన్న ముందు చెప్పండి, వాడు పక్కన లేకపోయినా ఫర్వాలేదు, ఆ సాయంత్రానికి వాడికి చేరుతుంది. మాట తక్కువ మనుషులు కొందరుంటారు, నలుగురిలో పొగిడితే తలదించుకుని లేచిపోతారు, వాళ్ళకి మాత్రం వాళ్ళింటికి పోయి విడిగా చెప్పాలి.

ఒకరిని పొగడటానికి ఇంకొకరిని కించపరచొద్దు. "మీ అక్కకి చేతకాలేదు గానీ నువ్వు చక్కగా చేశావు" అనే మాట విన్న చెల్లెలికి సంతోషం ఉండదు, అక్కకి జన్మంతా గుర్తుంటుంది. ముగ్గులు వేసే చెయ్యీ, లెక్కలు చూసే బుర్రా ఒక మనిషిలోనే ఉండాలని ఎక్కడా లేదు.

మన సీమలోనే దీనికి పెద్ద ఉదాహరణ ఉంది. మహాభారతాన్ని తెలుగు చేసిన ముగ్గురిలో ఇద్దరు ఈ పక్కవాళ్ళే, నెల్లూరు తిక్కన, అద్దంకి ప్రోలయ వేమారెడ్డి ఆస్థానంలో ఉన్న ఎర్రన. 11వ శతాబ్దంలో నన్నయ మొదలుపెట్టిన రచన అరణ్యపర్వం మధ్యలో ఆగిపోయింది. 13వ శతాబ్దంలో తిక్కన దాన్ని ముట్టుకోకుండా విరాటపర్వం నుంచి మొదలుపెట్టి పదిహేను పర్వాలు రాశాడు. మిగిలిపోయిన ఆ ముక్కని 14వ శతాబ్దంలో ఎర్రన పూర్తి చేశాడు, చేసి నన్నయ రచనగానే ఉండేలా నన్నయని పోషించిన రాజరాజనరేంద్రుడికే అంకితంగా రాశాడు. తన రాజు పేరు పెట్టుకోలేదు. ముగ్గురి రాత ముగ్గురిదే, చదివేవాళ్ళు ఎవరి పద్యం ఎవరిదో గుర్తుపడతారు, అయినా పుస్తకం ఒక్కటే. మనింటి పెళ్ళి సంగతి నలుగురికి చెప్పేటప్పుడు కూడా "నేనే దగ్గరుండి అన్నీ చూసుకున్నా" అనేముందు ఏ పని ఎవరిదో వాళ్ళ పేరు మీదే చెప్పండి. వినేవాళ్ళలో ఎవరో ఒకరు పోయి వాళ్ళకి చెప్తారు, ఆ మాట మీరు ఎదురుగా చెప్పినదానికంటే బాగా పనిచేస్తుంది.

డబ్బు సంగతి మొహమాటం లేకుండా మాట్లాడుకుందాం. బట్టలు పెట్టడం మన ఆచారం, పెట్టండి, అందరికీ ఒకే రకం కట్ట కొనకుండా ఆమె ఏ రంగు కడుతుందో, ఆయన పంచె కడతాడో ప్యాంటు వేస్తాడో చూసి కొనండి. కానీ చీర పెట్టాం కదా అని కూలి ఎగ్గొట్టకూడదు. టైలరింగు చేసే మరదలు ఇరవై జాకెట్లు కుట్టింది అనుకోండి, బయట ఎంత తీసుకుంటుందో అంతా ఇవ్వాలి, చీర దాని మీద వేరే. ఆటో నడిపే తమ్ముడు రెండు రోజులు మన చుట్టాల్ని తిప్పాడంటే డీజిలు డబ్బులతో పాటు ఆ రెండు రోజుల సంపాదన కూడా మనం పోగొట్టినట్టే. రొయ్యల చెరువుల మీద పనిచేసేవాళ్ళు, గ్రానైటు క్వారీకి పోయేవాళ్ళు, వాళ్ళు రాని రోజుకి కూలి రాదు. "మనవాడే కదా" అని మనం అనుకుంటాం, సాయంత్రం వాళ్ళింట్లో బియ్యం ఎవరు తెస్తారు? ఇచ్చే పద్ధతి మాత్రం చూసుకోవాలి. అందరిలో చేతిలో పెడితే తీసుకోరు, మనసు చిన్నబుచ్చుకుంటారు కూడా. తాంబూలంలో, బట్టల మడతలో పెట్టి, ఇంటికి పోయినప్పుడు పెద్దవాళ్ళ చేత ఇప్పించండి, "ఇది నీ పనికి, కాదనకు" అని ఒక్క మాట చెప్పండి. పొగడ్త డబ్బుకి బదులు రాదు, డబ్బు పొగడ్తకి బదులు రాదు, రెండూ ఇవ్వాల్సిన చోట రెండూ ఇవ్వాలి.

ఒక మనిషికి ఒక పని బాగా వచ్చని తెలిశాక ఆ పని ఇక వాళ్ళ నెత్తినే రుద్దేయడం మన ఇళ్ళల్లో బాగా ఉంది. పులుసు పెద్దమ్మ ఏ పెళ్ళికి పోయినా పొయ్యి దగ్గరే, పట్టుచీర కట్టుకున్నది ఎవరూ చూడరు. ఆమె చేతివంట మీద నిజంగా గౌరవం ఉంటే ఈసారి ఆమెని ముందు వరసలో కూర్చోబెట్టండి. ముందుగా అడగండి, "ఈసారి నీకు ఏం చెయ్యాలని ఉంది పెద్దమ్మా, వంట వద్దంటే చెప్పు, వేరే ఏర్పాటు చేస్తాం" అని. వంటే చేస్తానంటే సంతోషం, ఎర్రగడ్డలు కోసి, చింతపండు పిసికి, గిన్నెలు తోమి ఇవ్వడానికి ఇద్దరు ఉండాలి, అందులో ఒకరు నేర్చుకునే వయసు వాళ్ళై ఉంటే మంచిది, అది ఆడపిల్లే కానక్కర్లేదు. నేర్చుకుంటానని ఒకరు వచ్చి పక్కన నిలబడటం పెద్దవాళ్ళకి ఇచ్చే గౌరవాల్లో చాలా పెద్దదని నా నమ్మకం.

కొన్ని సాయాలు పెళ్ళిపనుల్లాగా వారంలో అయిపోయేవి కావు. పల్లె నుంచి వచ్చి నెల్లూరులోనో ఒంగోలులోనో చదువుకున్నవాళ్ళలో చాలామంది హాస్టలు ఫీజు ఏ మేనమామో కట్టి ఉంటాడు, లేదా అత్తయ్య తన ఇంట్లో పెట్టుకుని అన్నం పెట్టి ఉంటుంది. అవి లెక్కగట్టి తిరిగి ఇస్తానంటే వాళ్ళు బాధపడతారు. దీనికి నెల్లూరు రొట్టెల పండుగలో చక్కటి దారి ఉంది. మొహరం రోజుల్లో బారాషహీద్ దర్గా దగ్గర స్వర్ణాల చెరువులో దిగి చదువు రొట్టె, ఉద్యోగం రొట్టె, పెళ్ళి రొట్టె అని మార్చుకుంటారు కదా, అక్కడ కోరిక తీరినవాళ్ళు మళ్ళీ ఏడాది వచ్చి అదే పేరు రొట్టెని, ఆ కోరికే ఉన్న ఇంకొకరి చేతిలో పెడతారు. హిందువులూ ముస్లిములూ అందరూ నీళ్ళలో పక్కపక్కనే నిలబడి ఇచ్చిపుచ్చుకుంటారు. మీకు మామయ్య ఫీజు కట్టాడు, మీరు చుట్టాల్లో ఇంకో పిల్లకి కట్టండి. కట్టాక ఆ పిల్లని వెంటబెట్టుకుని మామయ్య దగ్గరికి పోయి "నువ్వు నాకు కట్టావు కాబట్టి నేను దీనికి కడుతున్నా" అని చెప్పండి. చెప్పకపోతే ఆయనకి తెలిసే దారి లేదు, తెలియాలి.

కష్టమైనది ఒకటుంది, మాటల్లేని వాళ్ళు చేసిన సాయం. పొలం గట్టు దగ్గర గొడవై ఏళ్ళ తరబడి పలకరింపులు లేని అన్న, పెళ్ళి అనగానే వచ్చి ఎవరితోనూ మాట్లాడకుండా పందిరి గుంజలు పాతి, అరిటిచెట్లు కట్టి, భోజనం కూడా చెయ్యకుండా పోయాడనుకోండి. పోవాల్సింది మీరే, ఇంకొకరితో కబురు పంపడం వద్దు. పొద్దున్నపూట పోండి, మీ పిల్లల్ని తీసుకుపోండి. భోజనం చెయ్యకుండా పోయాడు కాబట్టి ఇంట్లో వండిందేదన్నా క్యారియర్లో పెట్టుకుపోండి. "పందిరి నువ్వు వెయ్యబట్టి గాలికి కదల్లేదన్నా" అని పని సంగతే మాట్లాడండి. పొలం మాట ఆ రోజు ఎత్తొద్దు, ఆయన ఎత్తినా "అది ఇంకోరోజు కూర్చుని మాట్లాడుకుందాం" అనండి. ఆయన సరిగ్గా మాట్లాడకపోయినా నొచ్చుకోకండి, వదిన కాఫీ ఇస్తే తాగి రండి. సాయానికి కృతజ్ఞత వేరు, తగవు వేరు, రెండిటినీ కలిపితే రెండూ చెడతాయి.

ఇదంతా చేశాక అసలు బాకీ తీరేది వాళ్ళింట్లో కార్యం వచ్చినప్పుడే. వాళ్ళ పిల్ల పెళ్ళి కుదిరిందని తెలియగానే ఫోన్ చేసి తేదీ అడిగి క్యాలెండర్లో రాసుకోండి, ఆఫీసులో సెలవు అప్పుడే పెట్టేయండి, ముహూర్తం టైముకి దిగే చుట్టంలాగా పోకుండా ముందురోజు పొద్దున్నే అక్కడ ఉండండి. పోయాక "నేనేమన్నా చెయ్యాలా" అని అడిగితే "వద్దులే, కూర్చో" అంటారు. అట్టా అడక్కుండా మీకు బాగా వచ్చిన పని చెప్పి అడగండి. లెక్కలొస్తే "ఖర్చుల పుస్తకం నాకివ్వు బాబాయ్, మూడు రోజులూ నేను చూస్తా" అనండి. డ్రైవింగు వస్తే రైళ్ళ టైములు రాసిన కాగితం తీసుకుని తెల్లవారుజాము ట్రిప్పులు మీ పేరు మీద రాసుకోండి. ఏదీ రాదనుకుంటే జేజి పక్కన కుర్చీ వేసుకోండి, ఆమెకి టైముకి మందులు, మంచినీళ్ళు, బాత్రూము చూసుకునే మనిషి ఆ ఇంట్లో ఇంకా దొరికి ఉండరు.